అంగారకుడి మీద హెలికాప్టరూ, మన మెకానికల్ సీటూ

ఎప్‌సెట్ ర్యాంకులొచ్చే రోజుల్లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడూ చుట్టాల్లో కెరీర్ కౌన్సెలర్ అయిపోతాడు. నల్లగొండ నుంచి చిన్నాయిన, దేవరకొండ నుంచి మేనమామ, కల్వకుర్తి నుంచి ఎప్పుడో పెళ్ళిలో కలిసిన వదిన తమ్ముడు.. అందరిదీ ఒకటే ప్రశ్న. "మావోనికి మెకానికల్ వస్తదంటున్నరు. దీస్కోవాల్నా, లేకుంటే అప్పో సప్పో జేసి కంప్యూటర్ల చేర్పియ్యాల్నా?" అడుగుతున్నట్టే ఉంటుంది గానీ జవాబు వాళ్ళ దగ్గర రెడీగానే ఉంటుంది. మనం "కంప్యూటర్లనే చేర్పియ్యి చిన్నాయినా" అనాలి, ఆయన "నేను గదే అనుకున్న" అనాలి, ఫోన్ పెట్టేయాలి.

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మా ఆఫీసులో మా ఫ్లోర్ మీద నాలాంటి వాళ్ళం తక్కువలో తక్కువ పదిమందిమి ఉంటాం. సివిల్ వాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి ఆ సలహా ఎందుకిస్తామో నాకు బాగానే తెలుసు, జీతాల సంగతి దాచిపెట్టేది కాదు. నా గొడవల్లా ఆ సలహా వెనకున్న గీతతో. ఇటు "కోర్", అటు "సాఫ్ట్‌వేర్". ఇటు పానాలూ గ్రీజూ, అటు ఏసీ గదులూ లాప్‌టాపులూ. ఇటుపక్క వాడికి అటుపక్క పని లేదు, అటుపక్క వాడికి ఇటుపక్క సంగతులు అక్కర్లేదు. ఈ గీత మన కాలేజీలు గీసింది, మన కౌన్సెలింగ్ ఆప్షన్ల ఫారం గీసింది. ఇంజనీరింగ్ అనే పనిలో అసలు అలాంటి గీతే లేదని నా వాదన. దానికి నా దగ్గరున్న సాక్ష్యం బరువు 1.8 కిలోలు. ప్రస్తుతం అది అంగారకుడి మీద రెక్కలు విరిగి కూర్చుని ఉంది.

ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్ గురించి చెబుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది. 2021 ఏప్రిల్ 19న అది జెజెరో అనే గుంటలో 3 మీటర్లు పైకి లేచి, 39 సెకన్లపాటు ఎగిరి దిగింది. వేరే గ్రహం గాలిలో తేలినవి అంతకు ముందే ఉన్నాయి లెండి.. 1985లో సోవియట్ వాళ్ళు శుక్రుడి మేఘాల్లో రెండు వెగా బెలూన్లు వదిలితే ఒక్కోటీ దాదాపు రెండు రోజులు తిరిగింది. కానీ ఇంజను పెట్టుకుని, తన అదుపులో తాను ఎగిరినది మాత్రం ఇదే మొదలు. రైట్ సోదరుల విమానం రెక్క మీది గుడ్డ పీలిక ఒకటి దానికి కట్టి పంపించారు కూడా.

ఆ వారమంతా నా ఫోన్లో ఒకటే మోత, "మనోడే! మనోడే!" అని. దాని చీఫ్ ఇంజనీరు బాబ్ బలరామ్ దక్షిణ భారతంలో పుట్టినవాడు, మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ స్కూల్లో చదివాడు. అంతే, మన వాట్సాప్ యూనివర్సిటీకి అది చాలు :-). ఆయన తెలుగువాడా కాదా అని ఒక గ్రూపులో రెండు రోజులు కొట్టుకున్నారు కూడా. ఆ కొట్టుకోవడంలో ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది. నాకు మాత్రం అదే అసలు ముక్క. బలరామ్ మద్రాస్ ఐఐటీలో చేసిన బీటెక్ మెకానికల్. తర్వాత అమెరికాలో రెన్సెలేర్‌లో చేసిన ఎమ్మెస్, పీహెచ్‌డీ కంప్యూటర్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో, అంటే జేపీఎల్‌లో, ఆయన చేసిన పనిలో చాలా భాగం వ్యోమనౌకలు గ్రహాల మీద ఎలా దిగుతాయో కంప్యూటర్లో ముందే ఆడించి చూసే సిమ్యులేషన్లు. ఇప్పుడు చెప్పండి, ఆయన గీతకి ఏ పక్కన ఉన్నాడు?

సరే, అసలు అక్కడ ఎగరడం ఎందుకంత కష్టమో కొంచెం లెక్కేసి చూద్దాం. లెక్కలంటే పడని వాళ్ళు రెండు పేరాలు దాటి కిందికి దూకొచ్చు, ఏమీ అనుకోను.

మా పాలమూరు నుంచే మొదలుపెడదాం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండ కాస్తోందనుకోండి. వేడెక్కిన గాలి పలచబడుతుంది, ఎత్తుకి వెళ్ళినకొద్దీ ఇంకా పలచబడుతుంది. పుస్తకాల్లో ప్రామాణికంగా తీసుకునే గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.225 కిలోలు. ఆ పాలమూరు మధ్యాహ్నం లెక్క కడితే 1.05 దగ్గరికొస్తుంది. అంటే దాదాపు 15 శాతం తక్కువ. ఎగిరే యంత్రానికి ఈ 15 శాతం చిన్న విషయమేం కాదు. అదే మోటరు, అదే ప్రొపెల్లర్, అన్నే చుట్లు తిరిగినా, ఎత్తగలిగే బరువు ఆ మేరకు తగ్గిపోతుంది. ఇప్పుడు అంగారకుడి సంగతి చూడండి. అక్కడి గాలి సాంద్రత మన దాంట్లో సుమారు 70వ వంతు. పోయినది 15 శాతం కాదు, 98 శాతం పైన పోయింది. మన భూమ్మీద అంత పలచని గాలి కావాలంటే దాదాపు లక్ష అడుగుల ఎత్తుకి పోవాలి. హెలికాప్టర్ల రికార్డు 1972లో జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ పెట్టింది.. 12,442 మీటర్లు, అంటే 41 వేల అడుగులకి కొంచెం తక్కువ. అక్కడే ఇంజను ఆరిపోతే రెక్కల్ని గాలికి తిరగనిస్తూ ప్రాణాలతో కిందికి దిగాడు. (అన్నట్టు ఆ హెలికాప్టర్ లామా. మన హిమాలయాల ఎత్తుల్ని దృష్టిలో పెట్టుకుని తయారైన మోడల్. హెచ్ఏఎల్ వాళ్ళు దాన్నే చీతా పేరుతో బెంగుళూరులో చేశారు.)

ఇప్పుడు నల్లగొండ పత్తి చేలమీద మందు కొట్టే డ్రోన్ ఒకటి తీసుకెళ్ళి అంగారకుడి మీద పెట్టామనుకుందాం. దాని ప్రొపెల్లర్ పొడవు 30 అంగుళాలు, ఇక్కడ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అక్కడ గురుత్వాకర్షణ మన దాంట్లో మూడో వంతు పైచిలుకు, 0.38. అది మనకి కలిసొచ్చే ఒకే ఒక్క సంగతి. ఎత్తే బలం గాలి సాంద్రతకీ, చుట్ల వర్గానికీ అనులోమంలో ఉంటుంది. కాబట్టి 0.38ని 70తో గుణించి వర్గమూలం తీస్తే అయిదు పైచిలుకు. అంటే అదే డ్రోన్ అక్కడ లేవాలంటే ప్రొపెల్లర్ అయిదు రెట్లు, అంటే 15,000 చుట్లు తిరగాలి. అప్పుడు దాని చివరి వేగం సెకనుకి దాదాపు 600 మీటర్లు అవుతుంది. మరి అక్కడ ధ్వని వేగమెంత? చలీ, కార్బన్ డయాక్సైడూ కలిసి సుమారు 240 మీటర్లే. ప్రొపెల్లర్ చివర ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో పోవాలన్నమాట. పోదు. అంతకు చాలా ముందే షాక్ వేవ్‌లు పుట్టి ఎత్తే బలం పడిపోతుంది, మోటరు శక్తంతా వాటితో కొట్లాడ్డానికే సరిపోతుంది. ఇంకో వైపు గాలి పలచన వల్ల రెక్క మీది గాలి పొర ప్రవర్తనే మారిపోతుంది, మన విమానాల రెక్కల ఆకారాలు అక్కడ అంత బాగా పనిచెయ్యవు.

మరి ఏం చేశారు? బరువు తగ్గించారు, రెక్క పెంచారు. మొత్తం యంత్రం 1.8 కిలోలు, దానికి 1.2 మీటర్ల వ్యాసంతో ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు, ఎదురెదురు దిక్కుల్లో, నిమిషానికి 2,500 చుట్ల చొప్పున. చివరి వేగం ధ్వని వేగంలో మూడింట రెండు వంతుల దగ్గర ఆగుతుంది. ఆ 1.8 కిలోల్లోనే బ్యాటరీ, సోలార్ పలక, కెమెరాలు, కంప్యూటర్, కాళ్ళు అన్నీ. రాత్రి పూట అక్కడ మైనస్ 90 డిగ్రీలు. బ్యాటరీలో ఉన్న శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు ఎగరడానికి కాదు, రాత్రి గడ్డకట్టి చావకుండా ఉండటానికే ఖర్చు. ఎగరడం పార్ట్ టైమ్ ఉద్యోగం అన్నమాట.

ఇక్కడిదాకా చూస్తే ఇదంతా "కోర్" వాళ్ళ గొడవ అనిపిస్తుంది. 1990ల్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఇలాన్ క్రూ ప్రసంగమొకటి విని బలరామ్‌కి ఈ ఆలోచన వచ్చింది. ప్రతిపాదన రాశారు, చిన్న రోటర్ని వాక్యూమ్ చాంబర్లో తిప్పి చూశారు, బాగుందన్నారు, డబ్బులు మాత్రం ఇవ్వలేదు. పదిహేనేళ్ళు అది అల్మారాలో పడుంది. ఆ తర్వాత జేపీఎల్ డైరెక్టర్ చార్లెస్ ఎలాచి ఎక్కడో డ్రోన్ల మీద ఒక ప్రసంగం విని వచ్చి, మనం అంగారకుడి మీద ఇలాంటిదేమన్నా చెయ్యలేమా అని అడిగితే ఆ పాత కాగితాలు బయటికొచ్చాయి. కొత్తగా ప్రతిపాదన రాసేందుకు ఎనిమిది వారాలు గడువు. మన దగ్గర పదిహేనేళ్ళ కిందటి ఫైలు ఎవరైనా అడిగితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మా ప్రాజెక్టులో పదిహేను నెలల కిందటి డిజైన్ డాక్యుమెంటే దొరకదు.

2014లో చిన్న నమూనా ఒకటి చాంబర్లో ఎగరేశారు. మనిషి జాయ్‌స్టిక్ పట్టుకుని నడిపాడు. లేచింది గానీ అదుపులో నిలవలేదు. ఇక్కడే నాకు భలే నచ్చిన మలుపు. భూమ్మీద రోటర్ రెక్క పైకీ కిందికీ ఊగితే చుట్టూ ఉన్న గాలే దాన్ని అణిచేస్తుంది. మనకి తెలియకుండానే గాలి మనకి ఊడిగం చేస్తోందన్నమాట. అంగారకుడి మీద ఆ గాలి లేదు, ఊగడం మొదలైతే ఆగదు. ఆ ఊగుడు వేగమూ, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆజ్ఞల వేగమూ దగ్గరదగ్గరగా వచ్చాయంటే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. దీన్ని సాఫ్ట్‌వేర్లో సరిచెయ్యాలా, రెక్కలో సరిచెయ్యాలా? రెక్కని మామూలు హెలికాప్టర్ రెక్కల కంటే చాలా బిరుసుగా చేసి, ఊగుడు వేగాన్ని కంట్రోలర్‌కి అందనంత పైకి నెట్టేశారు. కార్బన్ ఫైబర్ పొర ఎంత మందం ఉండాలన్న ప్రశ్నకి జవాబు కంట్రోల్ లూప్‌లోంచి వచ్చిందన్నమాట. 2016 మేలో చాంబర్లో అది అదుపులో ఎగిరింది, ఈసారి మనిషి చెయ్యి లేకుండా. అంగారకుడి దాకా సిగ్నల్ పోవడానికే నిమిషాలు పడుతుంది కాబట్టి మనిషి చెయ్యి ఎలాగూ పనికిరాదు.

టెస్టింగ్ సంగతి చెప్పకపోతే నా బోటి వాడికి నిద్ర పట్టదు. మనం క్యూఏ వాతావరణం ప్రొడక్షన్ లాగా లేదని రోజూ ఏడుస్తుంటాం కదా, వీళ్ళ ప్రొడక్షన్ వేరే గ్రహం. 7.6 మీటర్ల వెడల్పున్న పెద్ద చాంబర్లోంచి గాలి తోడేసి, అంగారకుడి మీద ఉన్నంత పలచగా కార్బన్ డయాక్సైడ్ నింపారు. గాలి కుదిరింది. మరి గురుత్వాకర్షణ? దాన్ని తోడెయ్యలేం కదా. హెలికాప్టర్ నెత్తికి చేపలు పట్టే దారం కట్టి, మోటరుతో తిరిగే కప్పీ ఒకటి పైన పెట్టి, బరువులో 62 శాతం ఎప్పుడూ పైకి లాగుతూ ఉండేట్టు ఏర్పాటు చేశారు. ఈదురుగాలి కావాలంటే దాదాపు 900 కంప్యూటర్ ఫ్యాన్లు గోడలా పేర్చారు. మన డెస్క్‌టాప్ డబ్బాలో గిర్రున తిరిగే ఆ ఫ్యాన్లే! ఇంజనీరింగ్ నమూనాని అలా 75 నిమిషాలపైన ఎగరేశారు. కానీ నిజంగా అంగారకుడి మీదకి పోయే ముక్కని మాత్రం 2019 జనవరిలో మొత్తం ఒక్క నిమిషమే ఎగరేశారు, రెండు అంగుళాల ఎత్తున. కావలసిన రీడింగులన్నీ దాంతో వచ్చేశాయి, పెట్టె మూసేశారు. ఎంత నమ్మకం ఉంటే అలా మూస్తారు! ఆ నమ్మకం మీటింగుల్లో వచ్చింది కాదు, ఆ దారమూ ఆ ఫ్యాన్ల గోడా ఇచ్చినది.

ఇక మనవాళ్ళ పక్కకి వద్దాం. దాంట్లో ఉన్న ముఖ్యమైన ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ 801. అవును, 2014 ప్రాంతంలో ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చినదే. దాని మీద లినక్స్. ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌కి ఆధారం ఎఫ్ ప్రైమ్ అని జేపీఎల్ వాళ్ళే ఓపెన్ సోర్స్ చేసిన ఫ్రేమ్‌వర్కు. ఎత్తు కొలిచే లేజర్ మనలాంటి హాబీ వాళ్ళు కొనుక్కునే గార్మిన్ ముక్క. రోవర్లో ఉన్న రేడియేషన్‌కి తట్టుకునే ప్రాసెసర్ 200 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే దాని కడుపులో పోయిన ఈ బుడంకాయ 2 గిగాహెర్ట్జ్ పైన నడిచింది. సెకనుకి 30 సార్లు కిందికి ఫొటో తీసి, నేల మీది రాళ్ళూ రప్పలూ ఎటు కదిలాయో చూసి, తానెటు పోతోందో అంచనా వేసుకోవాలి మరి. రోటర్లను సెకనుకి 500 సార్లు సరిదిద్దే పని మాత్రం కార్లలో వాడే తరహా మైక్రోకంట్రోలర్లది. ఇందులో వాడిన ఓపెన్ సోర్స్ కోడ్‌కి చెయ్యేసిన దాదాపు 12,000 మందికి గిట్‌హబ్ వాళ్ళు తమ ప్రొఫైల్ మీద ఒక బ్యాడ్జి తగిలించారు. మనవాళ్ళలో కొందరి దగ్గర చూశాను, నిజంగా కుళ్ళుకున్నాను :-)

మొదటి ఎగురుడు అసలు ఏప్రిల్ 19న కాదు, అంతకంటే వారం ముందే జరగాల్సింది. ఏప్రిల్ 9న రోటర్లు పూర్తి వేగంతో తిప్పి చూసే టెస్టులో, ఫ్లైట్ మోడ్‌లోకి మారబోతూ వాచ్‌డాగ్ టైమర్ అయిపోయి ఆగిపోయింది. మనందరికీ చుట్టమే కదా వాచ్‌డాగ్. వాళ్ళ ముందు రెండు దార్లు. ఒకటి, సాఫ్ట్‌వేర్ మార్చి మొత్తం మళ్ళీ ఎక్కించడం. రెండోది, పంపే కమాండ్లలో కొన్ని చేర్చి టైమింగు కొంచెం జరపడం. రెండో దారిలో 85 శాతం సార్లు సరిగ్గా మారుతుందనీ, మారకపోతే ఏ హానీ లేకుండా నేల మీదే ఉంటుందనీ పరీక్షించి చూసుకున్నారు. అదే పట్టుకున్నారు. మిగిలిన 15 శాతం ఏప్రిల్ 29న నాలుగోసారి ఎగరబోయినప్పుడు తగిలింది కూడా. మర్నాడు మళ్ళీ నొక్కారు, ఎగిరింది. మన రిలీజ్ కాల్స్‌లో "85 శాతం పనిచేస్తుంది" అంటే మేనేజరు మొహం ఎలా పెడతాడో ఊహించుకోండి. కానీ మిగతా 15 శాతంలో ఏమవుతుందో కచ్చితంగా తెలుసు కాబట్టే ఆ నిర్ణయం సరైనది. దీన్ని వర్క్‌అరౌండ్ అని చిన్నచూపు చూడటం తప్పని నా ఉద్దేశం.

ఆరోసారి, 2021 మే 22న, ఇంకా భయపెట్టింది. గాల్లో 54 సెకన్లప్పుడు కెమెరా నుంచి వచ్చే ఫొటోల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, దారిలో పోయింది. దాంతో తర్వాత వచ్చిన ప్రతి ఫొటోకీ ముందటి దాని టైమ్‌స్టాంప్ పడింది. పాపం హెలికాప్టర్‌కి తానెక్కడుందో ఎప్పుడూ తప్పుగా తెలుస్తుంది, సరిదిద్దుకోబోతుంది, అదీ తప్పే అవుతుంది. 20 డిగ్రీల దాకా అటూ ఇటూ తూలింది. అయినా దిగాల్సిన చోటికి 5 మీటర్లలోపే దిగింది. ఎలా? కంట్రోల్ రాసినవాళ్ళు తప్పుల్ని ఓర్చుకునేంత మార్జిన్ వదిలారు, పైగా దుమ్ము లేస్తుందని నేలకి దగ్గరపడ్డాక కెమెరా మాట వినొద్దని ముందే రాసిపెట్టారు. దుమ్ము ఎలా లేస్తుందో ఆలోచించినవాడు ఒక టైమ్‌స్టాంప్ బగ్ నుంచి కాపాడాడు! 2022లో చలికాలానికి టిల్ట్ సెన్సర్ చచ్చిపోతే, ఆ పనిని ఇంకో సెన్సర్తో చేయించే ప్యాచ్ ఎక్కించారు. ఆ ప్యాచ్ అంగారకుడిని చేరకముందే రాసి పక్కన పెట్టుకున్నారట. నాకైతే దండం పెట్టాలనిపించింది.

అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. మొత్తం రెండు గంటల పైన, 17 కిలోమీటర్లు. 2024 జనవరి 18న ఆఖరుది. అది ఎందుకు పడిందో అదే ఏడాది డిసెంబర్లో జేపీఎల్ వాళ్ళు చెప్పారు. కింద అంతా నున్నటి ఇసుక అలలు, గుర్తుపట్టడానికి ఒక రాయి లేదు. కెమెరా చూపు తప్పింది, వేగం అంచనా తప్పింది, పక్కకి జారుతూనే వాలు మీద గట్టిగా తగిలి ఒక్కసారిగా ఒరిగింది. వేగంగా తిరుగుతున్న రెక్కల మీద అవి తట్టుకోలేనంత బలం పడి, నాలుగూ చివర నుంచి మూడో వంతు దగ్గర, బలహీనమైన చోట, తెగిపోయాయి. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో మొదలైన తప్పు కార్బన్ ఫైబర్ విరగడంతో ముగిసింది. ఇది సాఫ్ట్‌వేర్ ఫెయిల్యూరా, మెకానికల్ ఫెయిల్యూరా? మన జిరాలో అయితే ఈ టికెట్టు రెండు టీముల మధ్య ఆర్నెల్లు బంతాట ఆడుకునేది.

"ఇవన్నీ చెప్పడానికి బాగానే ఉంటయన్నా, నాకు ఉద్యోగం ఎవడిస్తడు?" అని మొన్న మా చిన్నాయిన కొడుకు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. పాలమూరు నుంచి జనం పొట్టకూటికి దేశమంతా వలస పోయినవాళ్ళు, అలాంటి చోట ఫీజు కట్టి చదివించే ఇంటికి నేను అంగారకుడి కథ చెప్పి మెకానికల్ తీసుకోమంటే అది పాపం. నేనలా అనడం లేదు. వాడు సీఎస్ఈలోనే చేరనీ. నా భయమల్లా ఇంకోటి. మన దగ్గర కాలేజీలు మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ, దాని పిల్ల బ్రాంచీలూ పెంచుకుంటూ పోతున్నాయి. సీట్లతోపాటే ల్యాబులూ పోతాయి. నేను చదివిన కాలేజీలో పెల్టన్ వీల్ ఉన్న గదికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే, ఇన్‌స్పెక్షన్ ఉందంటే తుడిచి తెరిచేవాళ్ళు. ఇప్పుడు ఆ గదే ఉండదు. అప్పుడు సీఎస్ఈ చదివే మా తమ్ముడికి నిజమైన వస్తువు ఏదీ, ఎక్కడా, నాలుగేళ్ళలో చేతికి తగలదు. తన కోడ్ తప్పయితే ఒక మోటరు వేడెక్కి కాలిపోతుందని ముక్కుకి వాసన తెలియాలా వద్దా?

అవసరం లేదంటారా? చుట్టూ చూడండి. మా వైపు పత్తిమీదా, వరిమీదా మందు కొట్టే డ్రోన్లు అద్దెకు దొరుకుతున్నాయి. కేంద్రం డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇస్తామని 2023లో చెప్పింది. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోనే ఉన్న బీబీనగర్ ఎయిమ్స్ వాళ్ళు టీబీ పరీక్షకి కళ్ళె నమూనాలు డ్రోన్లతో తెప్పించి చూశారు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ఎన్ఆర్ఎస్సీ ఉపగ్రహాల నుంచి డేటా దించుకుంటోంది. ఇస్రో వాళ్ళు తమ అంగారక ల్యాండర్‌తో రోటర్ల డ్రోన్ ఒకటి పంపే ఆలోచనలో ఉన్నట్టు 2024లో వార్తలొచ్చాయి. నాసా వాళ్ళు శని ఉపగ్రహం టైటన్ మీదకి 2028లో డ్రాగన్‌ఫ్లై అనే ఎనిమిది రోటర్ల యంత్రం పంపుదామనుకుంటున్నారు, చేరేది 2034లో. అక్కడ గాలి మన కంటే నాలుగు రెట్లు చిక్కన, బరువు ఏడో వంతు. ఎగరడం నల్లేరు మీద నడక, మైనస్ 179 డిగ్రీల చలిలో బతకడమే కష్టం. ఈ పనుల్లో ఏ ఒక్కటి కూడా గీతకి ఒకపక్కనే నిలబడి చేసేది కాదు.

కాబట్టి ఫోన్లో సలహా ఇచ్చేవాళ్ళకి నాదొక సలహా. మా బ్యాచ్ గ్రూపులో కాలేజీకి ఏదైనా ఇద్దామని చందాల మాట వచ్చింది. ఎప్పట్లాగే "ముప్పై కంప్యూటర్లు ఇద్దాం" అన్నారు. పిల్లల దగ్గర లాప్‌టాపులున్నాయి బాబూ. వాటి బదులు ఒక థ్రస్ట్ స్టాండు పెట్టించండి. ఒక బ్రష్‌లెస్ మోటరు, ప్రొపెల్లరు, దానికి స్పీడ్ కంట్రోలరు, కింద లోడ్ సెల్, చుట్లు లెక్కపెట్టే సెన్సరు, ఒక ఆర్డ్యునో, చుట్టూ గట్టి ఇనప జాలీ (జాలీ మాత్రం మరవకండి, విరిగిన ప్రొపెల్లర్ కత్తితో సమానం). ఖర్చు వేలల్లోనే. మెకానికల్ పిల్లలు స్టాండు బిగిస్తారు, సీఎస్ఈ పిల్లలు రీడింగులు తీసే కోడ్ రాస్తారు, ఇద్దరూ చచ్చినట్టు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. గాలి తోడే చాంబర్ కూడా కావాలంటే ఖర్చు పెరుగుతుంది. దానికి డబ్బుల్లేకపోతే పాలమూరులోనే ఉచితంగా ఒకటి దొరుకుతుంది. డిసెంబర్లో పొద్దున్నే ఆరింటికి, 15 డిగ్రీల చలిలో, చుట్లు నిలకడగా పెట్టి ఎన్ని గ్రాములు ఎత్తుతోందో రాసుకోండి. మళ్ళీ మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, అదే మోటరు, అదే ప్రొపెల్లరు, అన్నే చుట్లు. నా లెక్క ప్రకారం పదిశాతం అటూ ఇటూగా తగ్గాలి. ఎవరైనా కొలిస్తే ఎంత వచ్చిందో నాకు చెప్పండి.